ఆ గుండె మాస్టారిది కాదు

“ఈ కాగితం మీద ఇద్దరు మనుషులున్నారు,” అన్నాడు డాక్టరు.

అప్పటికి శుక్రవారం మధ్యాహ్నం పన్నెండూ యాభై. హత్య కేసులో పట్టుకున్న నర్సమ్మాయిని నాలుగింటికి కోర్టులో హాజరుపరుస్తారు. నాకున్నది మూడు గంటల పది నిమిషాలు. డాక్టరేమో రిటైరై ఆరేళ్లయిన గుండె నిపుణుడు, తొందర అనే మాటే మరిచిపోయిన మనిషి. బల్ల మీద పొడుగ్గా పరిచిన కాగితం చుట్టను భూతద్దంతో ఈ చివర నుంచి ఆ చివరికి తాపీగా చూసుకుంటూ పోతున్నాడు.

“ఇద్దరేమిటండీ? అది ఈత మాస్టారి గుండె రికార్డు. ఆయన ఒంటి మీది మిషన్‌లోంచి పోలీసులే తీశారు.”

“ఒంటి మీది నుంచి తీశారు, నిజమే. ఆ ఒంట్లోంచే వచ్చిందని ఎవరు చెప్పారు?”

నేను కుర్చీ ముందుకి లాక్కున్నాను.

కేసు ఇదీ. బుధవారం పొద్దున ఈత మాస్టారు పోయాడు. డెబ్బై ఒక్కేళ్లు. నలభై ఏళ్లపాటు పిల్లలకి ఈత నేర్పి, పెళ్లీ పెటాకులూ లేకుండా అక్కయ్యతో కలిసి నాలుగో అంతస్తులో ఉంటున్నాడు. ఆ బిల్డింగులో అరవై దాటినవాళ్లందరికీ ఒక క్లినిక్కు గుండె లయ పరీక్షలు చేస్తోంది. ఛాతీకి అయిదు బిళ్లలు అంటించి, వాటికి అయిదు రంగుల వైర్లు తగిలించి, నడుముకి చిన్న మిషన్ కడతారు. ఇరవై నాలుగు గంటలు గుండె ఎలా కొట్టుకుందో అది రాసిపెట్టుకుంటుంది. మిషన్ తియ్యకూడదు, తడపకూడదు, అంటే స్నానం బందు. మంగళవారం పదకొండున్నరకి మాస్టారికి కట్టారు. బుధవారం అదే టైముకి విప్పడానికి టెక్నీషియన్ వచ్చేసరికి మాస్టారు మంచం మీద శవమై ఉన్నాడు.

తల వెనక దెబ్బ. మిషన్ ప్రకారం ఆఖరి గుండెచప్పుడు పది యాభై ఎనిమిదికి. మాస్టారికి ఇన్సులిన్ ఇవ్వడానికీ, అక్కయ్యగారి మోకాళ్లకి కట్టు కట్టడానికీ రోజూ వచ్చే నర్సమ్మాయి పది నలభై నాలుగుకి గేటు దాటినట్టు కెమెరాలో ఉంది. ముందు రోజు మాస్టారు ఆమెను ఆలస్యంగా వచ్చావని గట్టిగా కేకలేశాడని పక్క ఫ్లాటువాళ్లు చెప్పారు. ఇంకేం, ఇన్‌స్పెక్టరు పని సులువైపోయింది. ఆ పిల్లకి ఇరవై రెండేళ్లు. పొద్దున లాకప్పులో నన్ను చూసి ఒకటే మాట పదేపదే చెప్పింది. “నేను చూసేసరికే చేతులు చల్లబడిపోయాయి మేడమ్. జుట్టు తడిగా ఉంది.”

నన్ను పిలిచింది మాత్రం మాస్టారి అక్కయ్య. డెబ్బై ఆరేళ్లావిడ, ఆ బిల్డింగులో అందరికీ అక్కయ్యగారే. నిన్న నా డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చి, “ఆ పిల్ల చెయ్యలేదు. విడిపించమ్మా,” అంది. మీకెలా తెలుసని అడిగితే, “తెలుసు,” అని నోరు బిగించేసింది. ఆ బిగించడం నాకు నచ్చలేదు.

“ఇదిగో, ఇది మాస్టారు,” డాక్టరు వేలు పెట్టి చూపించాడు. “నిమిషానికి యాభై రెండు. ఒక్క దెబ్బ అటూ ఇటూ లేదు. వయసులో బాగా ఈదినవాడి గుండె. ఇప్పుడు మంగళవారం సాయంత్రం ఆరూ అయిదు చూడు. వైర్లు ఊడాయి, గజిబిజి. మళ్లీ తగిలాక ఇదీ వరస.”

ఏ రెండు దెబ్బల మధ్యా దూరం ఒకేలా లేదు. ఒకచోట మూడు దెబ్బలు తోసుకుంటూ వచ్చాయి, ఇంకోచోట ఎంతకీ రాలేదు.

“దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటాం. గుండె పై గదులు తాళం తప్పి వణుకుతుంటాయి. పెద్దవయసువాళ్లలో తరచూ చూస్తాం. ఉన్నట్టు చాలామందికి తెలియదు కూడా.”

“అలా వచ్చి పోతుందేమో కదండీ. మాస్టారికే వచ్చిందనుకోవచ్చుగా?”

“వచ్చి పోతుంది. వచ్చినప్పుడు గీత తలకిందులవదు. ఇక్కడ పైకి లేవాల్సింది కిందికి దిగింది. రంగులు చూడకుండా వైర్లు తారుమారుగా తగిలిస్తే ఇలా వస్తుంది. దెబ్బ ఆకారం కూడా వేరు. ఆరూ ఇరవై ఎనిమిదికి వైర్లు మళ్లీ ఊడి, మళ్లీ మాస్టారే వచ్చాడు.”

“బుధవారం?”

“అక్కడికే వస్తున్నా, ఆగు. పది ఇరవైకి మాస్టారు దిగిపోయాడు. ఆ రెండో మనిషి ఎక్కాడు, అదే తలకిందుల గీతతో. పది ఇరవై ఏడుకి ఒక్క నిమిషం ఖాళీ. ఇరవై ఎనిమిది నుంచి అదే తాళం తప్పిన గుండె, కానీ ఈసారి గీత నిటారుగా ఉంది. ఎవరో చెయ్యి తిరిగినవాళ్లు వైర్లు సరిచేశారు. అలా పది యాభై ఎనిమిది దాకా నడిచింది. తర్వాత మళ్లీ గజిబిజి, ఆ తర్వాత ఏమీ లేదు.”

పది ఇరవై తర్వాత మాస్టారి గుండె ఈ కాగితం మీదికి మళ్లీ రానేలేదు. ఆఖరి ముప్పై ఎనిమిది నిమిషాలూ కొట్టుకున్న గుండె ఇప్పుడు ఎక్కడో నిక్షేపంగా తిరుగుతోంది.

“చెయ్యి తిరిగినవాళ్లంటే, మీలాంటి డాక్టరా?”

“నాకే రాదమ్మాయ్ ఆ పని. మేం గీతలు చదువుతాం, అంటించేవాళ్లు వేరే. నర్సయినా కావచ్చు.”

“నర్సు అప్పటికి ఇంకా బస్సులో ఉంది.”

“అది నువ్వు చూసుకో. నాకు కావలసింది ఈ రెండో మనిషి.” భూతద్దం పక్కన పెట్టాడు. “ఇక్కడ గుండె మూడు సెకన్లు ఆగింది. ఇక్కడ మూడున్నర. ఇది పరుగెత్తినప్పుడు నూట పది కొడుతుంది, ఆగితే ఇలా ఆగుతుంది. వేగంగా ఉంది కదా అని తగ్గించే మాత్ర ఎవరైనా ఇచ్చారో, మూడు ఆరవుతుంది. ఆరు తర్వాత మనం లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. ఆ మనిషిని తొందరగా వెతుకు.”

జీవితంలో మొదటిసారి ఆయన నోట తొందర అనే మాట విన్నాను. మణికట్టు దగ్గర నాడి ఎలా చూడాలో, బొటనవేలు ఎందుకు పెట్టకూడదో చెప్పించుకుని లేచాను. పనిలో పని నీ నాడి కూడా చూస్తానన్నాడు. నా నాడి సంగతి నాలుగు తర్వాత అని చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

*

ఒంటిగంటా యాభై అయిదుకి నాలుగో అంతస్తు చేరాను. తలుపు తీసింది ఇన్‌స్పెక్టరే.

పదకొండేళ్ల కిందట నా కింద ట్రెయినింగయిన కుర్రాడు. నేను పోలీసు ఉద్యోగం వదిలేశాక వాడు ఇన్‌స్పెక్టరయ్యాడు. పంచనామా రాయడం నేనే నేర్పాను. నా దస్తూరీ వచ్చింది గానీ మిగతాది ఒంటబట్టలేదు.

“రండి మేడమ్ గారూ. పెద్దావిడ చేత సంతకం పెట్టించుకుని వెళ్దామని వచ్చాను. సీలు వేసింది బెడ్‌రూంకి, లోపలికి పోనివ్వను.”

“నాకు బాత్‌రూం కావాలి.”

“అక్కడేం దొరుకుతుంది మేడమ్, సబ్బు బిళ్లా?”

“దొరికితే నీ ముఖం కడుగుతాను. జరుగు.”

జరగలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నాకు మండింది. నాలుగింటికి ఒక పిల్ల బతుకు బుగ్గి కాబోతోంది, వీడు నాతో గుమ్మాలాట ఆడుతున్నాడు.

“రికార్డులో గుండె గతి తప్పడం చూశావా?”

“చూశాను. నర్సుతో గొడవ పడ్డాడు, గుండె అదుపు తప్పింది, ఆమె తోసింది. సరిగ్గా సరిపోయింది.”

“గతి తప్పింది పది ఇరవైకి. నర్సు గేటు దాటింది పది నలభై నాలుగుకి. బస్సులోంచి గొడవ పడిందా?”

“ముసలివాళ్ల గుండె మేడమ్, ఎప్పుడైనా తప్పుతుంది.”

“మంగళవారం సాయంత్రం ఆరూ అయిదుకీ తప్పింది. సరిగ్గా ఇరవై మూడు నిమిషాలు. అప్పటికి నర్సు ఇంటికెళ్లి గంట దాటింది. శవం జుట్టు తడిగా ఎందుకుంది?”

“చెమట.”

“చేతులు చల్లగా ఉండి, తలకి చెమటా? తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషివి నువ్వు. నాలుగో కాలు నేను చూపిస్తాను, పక్కకి జరుగు.”

ఈసారి జరిగాడు.

చిన్న బాత్‌రూం. ఒక ప్లాస్టిక్ స్టూలు, ఒక బకెట్, మగ్గు. నేల నుంచి మోకాలెత్తు గట్టు, దాని మీద కొళాయి. తలుపు గడియ పీకేసి ఉంది, వయసు మీద పడ్డవాళ్ల ఇళ్లలో చేసినట్టే. గోడకి రెండు కొక్కేలు. ఒకదానికి తువ్వాలు వేలాడుతోంది. రెండోదానికి ఏమీ లేదు, కానీ దాని కింద సున్నం మీద ఏళ్ల తరబడి తాడు ఒరుసుకున్న గీత ఉంది. ఏదో రోజూ తగిలించే వస్తువు ఇప్పుడు అక్కడ లేదు.

టార్చి వేసి గట్టు అంచు చూశాను. మూల మీద గోధుమరంగు మరక, దానికి రెండు తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు.

నేను మోకాళ్ల మీద కూర్చున్నాను, అవి రెండూ గట్టిగా మొరపెట్టుకున్నాయి. సింకు కింద చెక్క బీరువా ఉంది. దానికీ నేలకీ మధ్య నాలుగు వేళ్ల సందు. టార్చి వెలుగులో తాడు ముక్క కనిపించింది. పెన్నుతో మెల్లగా లాగాను.

స్టాప్‌వాచ్. ఈత పోటీల దగ్గర మెడలో వేసుకునే రకం. గాజు మూల పగిలింది. లోపల అంకెలు నడుస్తూనే ఉన్నాయి.

“యాభై ఒక్క గంటలా నలభై ఆరు నిమిషాలు,” పైకి చదివాను. నా చేతి గడియారం చూసుకున్నాను. “ఇప్పుడు రెండూ పది. లెక్క కట్టు.”

వాడు వేళ్లు ముడిచాడు. “రెండు రోజులకి నలభై ఎనిమిది. ఇంకా మూడు గంటలా నలభై ఆరు. అంటే బుధవారం పది ఇరవై నాలుగు.”

“పది ఇరవై నాలుగుకి ఈ బాత్‌రూంలో మాస్టారు వాచీ నొక్కాడు. మళ్లీ ఆపలేదు.”

“చెయ్యి తగిలి నొక్కుకుని ఉండొచ్చు.”

“నలభై ఏళ్లు స్టాప్‌వాచ్ పట్టిన చెయ్యి అది. మొదలెట్టింది ఆపకుండా వదలదు. ఆపే అవకాశం ఎవరూ ఇవ్వలేదు.”

రుమాలు పరిచి వాచీని అందులో పెట్టాను. వాడు అలవాటుగా బటన్ మీదికి వేలు పోనిచ్చాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. అది నడుస్తూనే ఉండాలి, కోర్టు దాకా అలాగే నడవాలి.

“ఇల్లు కడిగిన ఆనవాళ్లు లేవు కాబట్టి ఇక్కడేం జరగలేదనుకున్నాం,” అన్నాడు నెమ్మదిగా. “మరి ఎనభై కిలోల మనిషిని ఇక్కడ నుంచి మంచం దాకా ఎవరు మోశారు మేడమ్? ఆ పెద్దావిడ కర్ర లేకుండా నాలుగు అడుగులు వెయ్యలేదు.”

మొత్తానికి ఒక మంచి ప్రశ్న వేశాడు. ఆ మాట నేను వాడితో అనలేదు, చెడిపోతాడని.

*

అక్కయ్యగారు తన గదిలో గోడ గడియారానికి ఎదురుగా కూర్చుని ఉంది. భుజాల చుట్టూ శాలువా, పక్కన కర్ర. బల్ల మీద ఫోను, పెన్సిలు, ఒక చిన్న పుస్తకం. మిషన్ కట్టినప్పుడు క్లినిక్కువాళ్లు ఇస్తారు ఆ పుస్తకం. కట్టుకున్నవాళ్లు ఏ టైముకి ఏం చేశారో అందులో రాయాలి.

ముఖం నిన్నటికన్నా పాలిపోయి ఉంది. నన్ను చూసి లేవబోయి, కళ్లు తిరిగినట్టయి మళ్లీ కూర్చుంది.

“ఈ పుస్తకం నువ్వు చూశావా?” ఇన్‌స్పెక్టరుని అడిగాను.

“చూశాను. టీ తాగడం, నిద్రపోవడం. పనికొచ్చేదేం లేదు.”

నేను తెరిచాను. గుండ్రటి చేతిరాత. మంగళవారం సాయంత్రం: 4.30 టీ. 5.00 నర్సు వెళ్లింది. 5.40 మెట్లు దిగి ఎక్కాడు. 6.00 కూర్చున్నాడు. ఆ కింద ఒక వరస ఖాళీ. 6.30 వార్తలు చూశాడు. బుధవారం: 8.40 ఫోన్ మాట్లాడాడు, కోపం. 10.15 పేపరు చదవడం అయింది. ఆ కింద నాలుగు వరసలు ఖాళీ.

“అక్కయ్యగారూ, మీరు ఏం ఉద్యోగం చేశారు?”

“టెలిఫోన్ ఎక్స్ఛేంజ్. ముప్పై నాలుగేళ్లు.”

“కాల్ మొదలైన టైమూ, అయిన టైమూ రాయడమే పని కదా. ఎప్పుడైనా తప్పు టైము రాశారా?”

“నా చేతికి రాదమ్మా అది.”

“అందుకే ఇక్కడ వదిలేశారు. అబద్ధం రాయలేక, నిజం రాయలేక.”

ఆవిడ నా వైపు చూడలేదు. గడియారం వైపే చూస్తోంది. రెండూ ముప్పై రెండు.

నేను పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. మూడు వేళ్లు మణికట్టు మీద పెట్టాను. ఒక దెబ్బ. చాలాసేపు ఏమీ లేదు. రెండు దెబ్బలు వెంటవెంటనే. మళ్లీ ఏమీ లేదు. కాగితం మీద చూసిన గీత ఇప్పుడు నా వేళ్ల కింద ఉంది. ఆ చెయ్యి సన్నగా, చల్లగా ఉంది. నాకు భయం వేసింది, జాలీ వేసింది.

“మాస్టారు స్నానానికి వెళ్లినప్పుడు మిషన్ మీరు పెట్టుకున్నారు.”

“పొద్దునా సాయంత్రం నీళ్లు పోసుకోకపోతే వాడికి ఊపిరాడదమ్మా. పుట్టిందే నీళ్లలో అన్నట్టుంటాడు. ‘అక్కయ్యా, పావుగంట నువ్వు పెట్టుకో, మిషన్‌కేం తెలుస్తుంది, గుండె గుండేగా,’ అన్నాడు. వద్దన్నాను. నేను వద్దంటే వినే రకమా? ఒట్టి వైర్లే కదా అని, ఊడితే వాడమని ఇచ్చిన బిళ్లలు అంటించుకుని ఒప్పుకున్నాను.”

“బుధవారం మీ ఒంటి మీద వైర్లు సరిచేసింది ఎవరు?”

చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. నేను వదల్లేదు. ఇన్‌స్పెక్టరు గుమ్మంలో కదలకుండా నిలబడ్డాడు.

“నన్నే ఉరి తీస్తారన్నాడు,” అంది చిన్నగా.

“ఎవరు?”

“ఆ మిషన్ అబ్బాయి. క్లినిక్కు అబ్బాయి.”

“టెక్నీషియన్ వచ్చింది పదకొండున్నరకి,” ఇన్‌స్పెక్టరు కల్పించుకున్నాడు. “గేటు కెమెరాలో ఉంది.”

“అది రెండోసారి రావడం బాబూ. మొదట పది ఇరవై రెండుకి వచ్చాడు. వెనక మెట్ల మీద నుంచి, వంటింటి తలుపుకి. ఎప్పుడూ అలాగే వస్తాడు, వాళ్ల బండి వెనక సందులో, మెట్ల కిందనే పెడతారు కదా. ముందుగా రమ్మని తమ్ముడే పొద్దున ఫోన్ చేసి తిట్టాడు.”

“ఎందుకు తిట్టాడు?” అన్నాను.

“బిల్డింగులో పద్దెనిమిది మందికి గుండె లయ తప్పిందని రిపోర్టులిచ్చారు. తమ్ముడికి నమ్మకం కుదరలేదు. వాచీ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి అందరి నాడీ చూశాడు. చాలామందికి నిక్షేపంగా ఉంది. ఆ రిపోర్టులు రెండు తెచ్చి, ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి ఆనించాడు. గీతకి గీత సరిపోయింది. ఆ అబ్బాయి మాత్రలు అమ్ముకోవడానికి, ఒకరికి తీసిందే పేర్లు మార్చి అందరికీ అంటగట్టాడట. మూడో అంతస్తు ఆవిడ లేని జబ్బుకి మాత్రలు మింగి, కళ్లు తిరిగి పడి చనిపోయింది. తమ్ముడు ఆవిడ కోసం ఏడ్చాడు. ‘వాడి ఎదురుగానే వాచీ పెట్టి నా నాడి లెక్కిస్తాను, నాకేం రాస్తాడో చూస్తాను,’ అన్నాడు.”

“వచ్చాక?”

“తమ్ముడు స్నానంలో ఉన్నాడన్నాను. తిన్నగా లోపలికెళ్లాడు. మాటలు పెద్దగా వినిపించాయి. ఏదో పడ్డ చప్పుడు. బయటికొచ్చి, ‘మాస్టారు జారిపడ్డారు, పోయారు,’ అన్నాడు. నేను వెళ్లి చూశాను.” ఆగింది. నా వేళ్ల కింద నాడి కూడా ఆగింది, మళ్లీ వచ్చింది. “నాకు కాళ్లు ఆడలేదు. నన్ను కూర్చోబెట్టాడు. మిషన్ నా ఒంటి మీద చూసి, ‘ఇదేంటి మామ్మగారూ, తెలుపూ నలుపూ తిరగేశారు,’ అని విప్పి సరిగ్గా పెట్టాడు. నేను కళ్లు మూసుకున్నాను.”

శవాన్ని పక్క గదిలో పెట్టుకుని వైర్ల రంగులు సరిచేశాడు. చేతికి పట్టిన పని అలవాటు. తప్పుగా ఉన్న వైరు కనిపిస్తే ఆ చేతులు ఊరుకోలేవు. ఆ ఒక్క నిమిషమే వాణ్ని పట్టిస్తుందని వాడికి తట్టి ఉండదు.

“‘మిషన్ మీ ఒంటి మీదుంది కాబట్టి మీరే తోశారంటారు. నేను చెప్పినట్టు చేస్తే కాపాడతాను,’ అన్నాడు. తమ్ముణ్ని మోసుకెళ్లి తుడిచి, బట్టలేసి, కొత్త బిళ్లలు అంటించి వెళ్లిపోయాడు. నర్సు వచ్చి వంటింట్లోకి వెళ్లాక, రంగు చూసి ఒక్కో వైరూ తగిలించమన్నాడు. అప్పటిదాకా తమ్ముడి పక్కనే కూర్చున్నానమ్మా. వాడి పేరు మీద నా గుండె కొట్టుకుంటూ కూర్చుంది. పది యాభై ఎనిమిదికి తగిలించాను.”

“మరి ఆ పిల్లని పట్టుకెళ్తుంటే ఎందుకు ఊరుకున్నారు?” ఇన్‌స్పెక్టరు గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

“నేను నోరు విప్పితే నన్ను హంతకురాలంటారు. విప్పకపోతే ఆ పిల్ల. రెండు రోజుల్నుంచి అన్నం సయించలేదు బాబూ. తమ్ముడు జారే పడ్డాడనీ, స్నానానికి ఒప్పుకున్న నాదే తప్పనీ అనుకున్నాను. అందుకే ఈవిడ దగ్గరికెళ్లాను. నా నోటితో చెప్పకుండా ఈవిడే కనుక్కుంటుందేమోనని.”

నేను రుమాలు విప్పి స్టాప్‌వాచ్ చూపించాను. అంకెలు నడుస్తున్నాయి. ఆవిడ వాటి మీదికి వంగింది.

“ఆపలేదా వాడు,” అంది. అంతే. కళ్లు తుడుచుకుంది. కదలకుండా నిలబడి నాడి లెక్కపెట్టుకుంటున్న మనిషి జారిపడలేదని ఆవిడకి ఇంకెవరూ చెప్పక్కర్లేకపోయింది.

నా వేళ్లు ఇంకా మణికట్టు మీదే ఉన్నాయి. అప్పుడు తట్టింది. బుధవారం ఈ గుండె నిమిషానికి నూట పది. ఇప్పుడు గడియారం చూస్తూ లెక్కపెడితే ముప్పై ఆరు.

“అక్కయ్యగారూ, మందులేమైనా వేసుకుంటున్నారా?”

“ఆ అబ్బాయే ఇచ్చాడు, గుండెదడ తగ్గడానికి. నిన్న రెండు, పొద్దున రెండు, భోజనమయ్యాక ఇంకో రెండు.” దిండు కింద నుంచి కాగితం పొట్లం తీసింది. పేరు లేని తెల్ల మాత్రలు.

డాక్టరుకి ఫోన్ చేసి మాత్ర రంగూ, సైజూ, మీద చెక్కిన అంకె చెప్పాను. ఆయన గొంతు మారిపోయింది. “ఇంకొకటి వెయ్యనీకు. నిలబడనీకు, పడుకోబెట్టు. అంబులెన్సు పిలు. నాడి మీద నుంచి చెయ్యి తియ్యకు.”

అంబులెన్సుకి ఇన్‌స్పెక్టరు చేశాడు. పన్నెండు నిమిషాలన్నారు. వెంటనే ఇంకో నంబరు కలిపాడు. “నర్సుని కోర్టుకి తీసుకెళ్లొద్దు. అవును, నేనే చెప్తున్నాను. తప్పు నాదే, కొత్త స్టేట్‌మెంటుంది.” ఫోన్ పెట్టేసి నా వైపు చూడకుండా చెమట తుడుచుకున్నాడు. ఆ పిల్ల బయటపడింది. నా మనసు తేలికవ్వాలి, కాలేదు.

“పడుకోండి,” అన్నాను.

“ఒక్క నిమిషమమ్మా. పుస్తకం ఇవ్వు.”

ఇవ్వకపోతే పడుకునేలా లేదు. మంచం మీద దిండుకి చేర్చి, పుస్తకం ఒళ్లో పెట్టాను. ఎడమ మణికట్టు నా దగ్గరే ఉంది. కుడిచేత్తో పెన్సిలు పట్టుకుని ఆ ఖాళీ వరసలు ఒక్కొక్కటే నింపింది. మంగళవారం, 6.05 నుంచి 6.28, మిషన్ నేను పెట్టుకున్నాను. బుధవారం, 10.20, మిషన్ నేను పెట్టుకున్నాను. 10.22, క్లినిక్కు అబ్బాయి వచ్చాడు. 10.28, వైర్లు మార్చాడు. 10.58, తమ్ముడికి పెట్టాను. కింద సంతకం చేసింది. అక్షరాలు వంకర పోయాయి గానీ అంకెలు మాత్రం కుదురుగా ఉన్నాయి.

ఇన్‌స్పెక్టరు చదివి తలూపాడు. “ఆ టెక్నీషియన్ ఎక్కడుంటాడో కనుక్కోవాలి. క్లినిక్కుకి మనుషుల్ని పంపిస్తాను.”

“పంపక్కర్లేదు బాబూ,” అంది అక్కయ్యగారు. “ఇక్కడికే వస్తాడు. నాకూ మిషన్ పెట్టి చూస్తానన్నాడు. మీ గుండె బాగాలేదని కాగితం ఉంటే మంచిది మామ్మగారూ, రేపు మీకేమైనా అయితే ఎవరికీ అనుమానం రాదు, అన్నాడు. నా మేలుకే అనుకున్నాను.”

ఇన్‌స్పెక్టరు చెయ్యి నడుము దగ్గరికి వెళ్లింది.

“ఎన్నింటికి వస్తానన్నాడు?”

ఆవిడ జవాబు చెప్పేలోపే వంటింటి వైపు, వెనక మెట్ల తలుపు మీద రెండుసార్లు వేళ్లతో తట్టిన చప్పుడైంది. మెత్తగా, అలవాటైన చప్పుడు. “మామ్మగారూ, నేనే,” అంది ఒక మర్యాదస్తుడి గొంతు.

ఇన్‌స్పెక్టరు బూట్ల చప్పుడు కాకుండా వంటింట్లోకి వెళ్లాడు. అక్కయ్యగారు తలెత్తి గోడ గడియారం చూసింది. ముప్పై నాలుగేళ్ల అలవాటు. పుస్తకం మీదికి వంగి, సంతకం కింద 3.00 అని రాసింది. దాని పక్కన ఏదో రాయబోయింది. పెన్సిలు వేళ్లలోంచి జారి నేల మీద దొర్లింది.

నా వేళ్ల కింద నాడి ఆగింది. లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి. రెండు. మూడు.

వెనక తలుపు గడియ తీసిన చప్పుడు.

నాలుగు. అయిదు.